గాలికి పోతున్న డీజిల్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

డీజిల్ ధర కదిలినప్పుడల్లా మీ పేపర్లో వార్త వస్తుంది. మన రాష్ట్రంలో లీటరు మీద పన్నెంత, పక్క రాష్ట్రాల్లో ధర ఎంత తక్కువ అని పట్టిక వేస్తారు. వేయాల్సిందే. చెన్నై రూటు బళ్లవాళ్లు తడ దాటేదాకా ట్యాంకు అడుగంటనిచ్చి తమిళనాడులోకి వెళ్లాక నింపుకోవడం మా అందరికీ తెలిసిన సంగతి. లీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతాయని అంత జాగ్రత్త పడే మనిషికి, అదే రోడ్డు మీద గాలికి ఎన్ని లీటర్లు ధారపోస్తున్నాడో చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా చదవండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ మేస్త్రీని. చిన్నతనంలో మా మావయ్య షెడ్డులో చేరి లారీ బాడీలకు చెక్క కొట్టడం దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా పికప్‌లే. బొలెరో, దోస్త్, యోధ, ఇంట్రా. బండి కంపెనీ నుంచి పొట్టి డాలాలతో, అంటే సరుకు తొట్టి చుట్టూ ఉండే గోడలతో వస్తుంది. ఓనరు తన సరుకును బట్టి పైన ఇనప కడ్డీల జాలీ కట్టమంటాడు, క్యాబిన్ మీద క్యారియర్ పెట్టమంటాడు. నూజివీడు మామిడి తోలేవాళ్లకు ఒక ఎత్తు కావాలి, కడియం నర్సరీ మొక్కలు తోలేవాళ్లకు ఇంకో ఎత్తు. కోళ్ల బోనులు, పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు తోలేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లది బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ సరుకు. గాలి దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలేది వాళ్లకే.

ఓనర్లు మైలేజీ పడిపోయిందంటే ముందు ఇంజన్నే అనుమానిస్తారు. ఫిల్టర్లు మారుస్తారు, ఇంజెక్టర్లు విప్పిస్తారు, పంపులో కల్తీ ఉందంటారు. కంపెనీ కాగితంలో రాసిన మైలేజీ చూపించి ఇది రావడం లేదేమని తగువు పడతారు. ఆ మైలేజీ బండిని రోలర్ల మీద ఎక్కించి కొలిచేది. మనం కట్టే జాలీ, పేర్చే క్రేట్లు, పైన కప్పే బరకం ఆ లెక్కలో ఉండవు. క్యాబిన్ కంటే రెండడుగులు పైకి లేచిన సరుకు నిలువు గోడలా గాలికి ఎదురు నిలబడితే, ఆ బండి కంపెనీ కొలిచిన బండి కాదు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. తనను కూర్చోబెట్టి ఈ లెక్క వేయించాను. లోడుతో పికప్ వెడల్పు సుమారు 1.7 మీటర్లు, నేల మీంచి బరకం పైదాకా ఎత్తు రెండున్నర మీటర్లు అనుకుంటే, కింద ఖాళీ తీసేసినా గాలికి ఎదురుపడే గోడ 4 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. గాలి నిరోధ గుణకం అంటే బండి రూపం గాలికి ఎంత అడ్డమో చెప్పే అంకె, అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఇలాంటి చదును ముఖం బండికి 0.6 వేసుకున్నాం. 60 కిలోమీటర్ల స్పీడులో గాలి ఆ బండిని సుమారు 39 కిలోల బరువంత బలంతో వెనక్కి నెడుతుంది. 70కి వెళ్తే 53 కిలోలు. 80కి వెళ్తే దాదాపు 70 కిలోలు. స్పీడు పెరిగింది మూడో వంతే, గాలి బలం పెరిగింది ముప్పావు వంతు పైన. గాలి నిరోధం స్పీడు వర్గంతో పెరుగుతుందని పుస్తకాల్లో రాసేది ఇదే.

దీన్ని మనకు తెలిసిన రూటు మీద పెట్టి చూడండి. విజయవాడ నుంచి హైదరాబాద్ సుమారు 275 కిలోమీటర్లు. లీటరు డీజిల్లో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది మూడో వంతు లోపే. ఆ ప్రకారం, టైర్ల రాపిడి, ఎత్తులు, ట్రాఫిక్ అన్నీ పక్కన పెట్టి గాలిని చీల్చుకుంటూ పోవడానికి మాత్రమే 60 స్పీడులో పదిన్నర లీటర్లు పోతాయి. 70లో 14 లీటర్లు. 80లో పద్దెనిమిదిన్నర. బండికీ బండికీ సరుకుకూ సరుకుకూ ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, వాటి మధ్య తేడా మాత్రం ఎక్కడికీ పోదు. 80 నుంచి 70కి దిగితే హైదరాబాద్ అరగంట ఆలస్యంగా చేరతారు, నాలుగు లీటర్లు మిగులుతాయి. లీటరు వందకు దగ్గర్లో ఉన్న మన ఊళ్లో అది నాలుగు వందలు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు బండి ఎక్కువ తాగుతుంది, వచ్చేటప్పుడు తక్కువ తాగుతుంది అని డ్రైవర్లందరూ అంటారు. ఎత్తు ఎక్కుతున్నాం కదా అని సరిపెట్టుకుంటారు. ఆ ఎత్తు లెక్క కూడా వేయించాను. విజయవాడ సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల దరిదాపు, హైదరాబాద్ 500 మీటర్ల పైన. లోడుతో కలిపి మూడు టన్నుల బండిని ఆ ఎత్తుకు చేర్చడానికి నికరంగా పట్టేది లీటరున్నర డీజిల్! మిగతా తేడా ఎక్కడిది? జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎలా కొడుతుందో సూర్యాపేట దాటాక బండి తోలినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎదురుగాలి 20 ఉన్నప్పుడు మీటరులో 60 కనిపిస్తున్నా గాలి లెక్కలో బండి 80లో పోతున్నట్టే. వచ్చేటప్పుడు అదే గాలి వీపు మీద ఉంటుంది. వానాకాలం ఆ రూటులో మైలేజీ పడిపోతే ఇంజన్ విప్పించకండి. పోయేటప్పుడు పది స్పీడు తగ్గించండి చాలు.

సరుకు బళ్లకు 80 దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ ఉండాలని నిబంధన ఉంది. అది దాటకూడని గీత. మన డ్రైవర్లలో చాలామంది 80 అంటే నడపాల్సిన స్పీడు అనుకుని, కాలు చివరిదాకా తొక్కి గవర్నర్ పట్టేసేదాకా వదలరు. ఇందులో తప్పంతా డ్రైవరుది కాదు. మార్కెట్ టైముకు సరుకు దిగకపోతే కిరాయి కోసేది వ్యాపారి. అరగంట ముందు లోడు ఎత్తించగలిగితే నాలుగు లీటర్లు మిగులుతాయని ఆ వ్యాపారికీ తెలియాలి. మీ పేపరు వాళ్లూ చదువుతారు.

స్పీడు సంగతి డ్రైవరు చేతిలో ఉంది. బండి రూపం మాత్రం మా మేస్త్రీల చేతిలో ఉంది. అసలు నేను చెప్పదలుచుకుంది దాని గురించే.

గాలి బండి మీదుగా ఎలా పోతుందో కంటితో చూడాలని ఒక పని చేశాం. పాత చీర అంచులు జానెడు ముక్కలుగా కత్తిరించి బానెట్ మీద, అద్దం పక్కన, క్యాబిన్ టాపు మీద, దాని వెనక లేచిన సరుకు ముఖం మీద, బరకం మీద టేపుతో అంటించాం. రద్దీ లేని రోడ్డు మీద బండి తోలుతుంటే మా కుర్రాడు పక్క బండిలో కూర్చుని ఫోన్లో వీడియో తీశాడు. బానెట్ మీద ముక్కలు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. అద్దం మీద కూడా అంతే. క్యాబిన్ టాపు మీదికి వచ్చేసరికి గందరగోళం మొదలైంది. సరుకు ముఖానికి మధ్యలో అంటించినవి గోడకు అతుక్కుపోయాయి, అంచుల్లోవి నిట్టనిలువుగా పైకి లేచాయి. బరకం పైన ముందు రెండడుగుల్లో ఉన్న ముక్కలు వెనక్కి పోవాల్సింది పోయి ముందుకు తిరిగి కొట్టుకుంటున్నాయి. గాలి పదును అంచు దగ్గర బరకాన్ని వదిలేసి పైకి ఎగిరి, కింద సుడి తిరుగుతోందన్నమాట. డీజిల్ పోయేది ఆ సుడిలోనే.

తర్వాత క్యాబిన్ మీద వాలుగా ఒక రేకు పలక బిగించి మళ్లీ తీశాం. పలక కింది అంచు అద్దం పైభాగానికి దగ్గరగా మొదలై, పై అంచు సరుకు ఎత్తుకు సరిగ్గా అందేలా పెట్టాం. ఈసారి బరకం మీది ముక్కలు చాలావరకు పడుకున్నాయి. పలక పక్క అంచుల దగ్గర మాత్రం ఇంకా కొట్టుకుంటున్నాయి. ఆ అంచుల్ని ఆరంగుళాల గుండ్రంతో వంచాక అవీ తగ్గాయి.

పలక విషయంలో రెండు మెలకువలు చెప్పాలి. మార్కెట్లో దొరికే పొట్టి పలక, అందానికి పెట్టుకునేది, సరుకు సగం ఎత్తుకే ఆగిపోతుంది. గాలి దాన్ని దాటి మళ్లీ గోడనే గుద్దుతుంది, ఉపయోగం అంతంత మాత్రం. రెండోది, తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా వచ్చేటప్పుడు వెనక గోడ ఉండదు, పలక ఒక్కటే నిలబడి ఉంటుంది. అప్పుడు అదే కొత్త అడ్డం. అందుకని నేను కింద బందులు, వెనక రెండు ఊతకడ్డీలు పెట్టి, పిన్ను లాగితే క్యాబిన్ మీద పడుకునేలా చేస్తున్నాను. సన్న గేజి రేకు, చట్రానికి ముప్పావు అంగుళం చదరపు గొట్టం సరిపోతాయి. బరువు ఎక్కువ కాదు. కడియం నుంచి మొక్కలు తోలే ఒకాయన పెట్టించుకున్నాడు. ఎదురుగాలిలో ఐదో గేరు పట్టని బండి ఇప్పుడు పడుతోందనీ, ముందు వరస మొక్కల ఆకులు ఇదివరకులా చిరగడం లేదనీ చెప్పాడు. ఆకుల సంగతి నేను అనుకోనిది, నర్సరీ వాళ్లకు డీజిల్ కంటే అదే ముఖ్యమేమో కూడా.

మూలలు గుండ్రం చేయడం గురించి మా అమ్మాయి ఒక పాత పరిశోధన చదివి వినిపించింది. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న నాసా విమాన పరిశోధన కేంద్రంలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన సైకిల్ మీద ఆఫీసుకు పోతుంటే పక్కనుంచి దూసుకుపోయే పెద్ద లారీల గాలి ముందు ఆయన్ను అవతలికి నెట్టి, ఆ వెంటనే లారీ వైపు లాగేది. లారీ ఇంత గాలిని కదిలిస్తోందంటే ఎంత ఇంధనం తగలేస్తోందో చూడాలనుకున్నారు. ఆ కేంద్రం వాళ్లు ఒక ఫోర్డ్ వ్యాను తీసుకుని, చుట్టూ అల్యూమినియం రేకు కొట్టి, అన్ని మూలలూ పదునుగా ఉండే పెట్టెలా చేశారు. తర్వాత ఒక్కో మూలా గుండ్రం చేస్తూ కొలిచారు. ముందూ వెనకా నిలువు మూలలు గుండ్రం చేస్తే గాలి నిరోధం 40 శాతం తగ్గింది, లోపలి చోటు తగ్గింది 1.3 శాతమే. అడ్డ మూలలు కూడా గుండ్రం చేస్తే 54 శాతం తగ్గింది, చోటు పోయింది 3 శాతం. అది వింటుంటే ఇన్నేళ్లుగా మా షెడ్లలో L ఆకారపు ఇనప యాంగ్లర్ ముక్కల్ని తొంభై డిగ్రీలకు అతికి మేం కట్టిన పెట్టెలన్నీ కళ్ల ముందు తిరిగాయి. రేకును గొట్టం మీద వంచడం మా కుర్రాళ్లకు చేతకాని పని కాదు. అడిగే ఓనరు లేక చేయడం లేదంతే. మూసిన బాడీ కట్టించుకునే ఐస్‌క్రీమ్, కొరియర్, బేకరీ వాళ్లు వచ్చే బాడీకైనా ముందు మూలలు గుండ్రంగా కావాలని అడగండి.

అన్ని పలకలూ సాల్ట్‌జ్‌మన్ వ్యానులా సగానికి తగ్గిస్తాయని చెప్పను. మన బండికి అయిదో వంతు తగ్గినా 70 స్పీడులో హైదరాబాద్ వెళ్లేసరికి దాదాపు మూడు లీటర్లు. పలక ఖర్చు కొద్ది వారాల్లో తిరిగి వస్తుంది.

ఖాళీ బండి గురించి ఒక అపోహ ఉంది, అదీ చెప్పేస్తాను. ఖాళీగా వచ్చేటప్పుడు వెనక డాలా దించేస్తే గాలి సాఫీగా బయటికి పోతుందని, మైలేజీ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. కొందరు డాలా ఊడదీసి ఇంటి దగ్గర పెట్టి మరీ వస్తారు. నిజం దానికి తలకిందులు. డాలా మూసి ఉన్నప్పుడు తొట్టిలో గాలి ఒక సుడిలా నిలబడిపోతుంది, క్యాబిన్ మీంచి వచ్చే గాలి ఆ సుడి పైనుంచి జారి వెనక డాలా అంచు మీదుగా వెళ్లిపోతుంది. డాలా దించితే ఆ సుడి చెదిరిపోయి లాగుడు పెరుగుతుంది. విండ్ టన్నెల్లో పెట్టి తేల్చిన సంగతి ఇది. మీకు కావాల్సిన రుజువు మీ తొట్టిలోనే దొరుకుతుంది. ఖాళీ బండిలో పాలిథిన్ కవరు ఒకటి పడితే ఎంత స్పీడులోనైనా బయటికి ఎగిరిపోకుండా క్యాబిన్ వెనకే తిరుగుతూ ఉండటం డ్రైవర్లందరూ చూసి ఉంటారు. మేం తొట్టి నేల మీద అంటించిన చీర ముక్కలు కూడా క్యాబిన్ వైపే తిరిగాయి. డాలా మూసి, పైన బరకం బిగుతుగా కడితే ఇంకా మంచిది. ఖాళీ క్రేట్లు వెనక్కి తెచ్చేవాళ్లు వాటిని ఒకదాంట్లో ఒకటి దించి క్యాబిన్ ఎత్తు దాటకుండా పేర్చుకోవాలి. ఖాళీవే కదా అని ఆకాశం దాకా కడితే లోడు బండికి గాలికి పోయినంత డీజిల్ ఖాళీ బండికీ పోతుంది.

అమెరికాలో పికప్ అంటే సొంత కారు. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు కూడా ఒకటి కొన్నాడు. అక్కడ కంపెనీలు ఈ గాలి సంగతి మీద ఎంత శ్రద్ధ పెడతాయో వాడు చెబితే ఆశ్చర్యమేసింది. 2019 మోడల్ రామ్ 1500 గాలి నిరోధ గుణకం 0.357కి తెచ్చారు. గంటకు 35 మైళ్లు, అంటే మన 56 కిలోమీటర్లు దాటగానే ముందు బంపరు కింద ఒక పలక తనంతట తాను దిగి, బండి కింద దూరే గాలిని ఆపుతుంది. వెనక డాలా పై అంచును కూడా గాలి సాఫీగా వదిలేలా దిద్దుతారు. సగం రోజులు ఖాళీ తొట్టితో తిరిగే బండికే అంత చేస్తుంటే, పొద్దస్తమానం లోడు మోసి నాలుగు కుటుంబాలను పోషించే మన పికప్‌కు కంపెనీలు ఒక వాలు పలకైనా ఫ్యాక్టరీలోనే ఎందుకు బిగించి ఇవ్వవు? స్టిక్కర్లకూ స్టీరియోకూ చూపే శ్రద్ధలో కొంచెం దీని మీద పెడితే చాలు.

బరకం గురించి చెప్పకుండా ముగించలేను. వదులుగా కట్టిన బరకం గాలికి ఉబ్బి సరుకు కంటే అడుగు ఎత్తుకు లేస్తుంది, దబదబా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు చేయిస్తున్నది మీ డీజిలే. రెండు ముక్కలు కప్పేటప్పుడు ముందు ముక్క అంచు వెనక ముక్క మీదికి రావాలి, పెంకుటింటి మీద పై వరస పెంకు కింది వరసను కప్పినట్టు. తిరగేసి కప్పితే గాలి అతుకులో దూరి మొత్తం లేపేస్తుంది. కొక్కేలు మూడడుగులకొకటి కాకుండా అడుగుకొకటి పెట్టించుకోండి. తాడు అడ్డంగా మాత్రమే వేయకుండా ముందు మూల నుంచి వెనక మూలకు ఐమూలగా కూడా లాగండి. ముందు అంచును లోపలికి మడిచి తొక్కిపెట్టండి. కొక్కేలు తప్ప మిగతావాటికి రూపాయి ఖర్చు లేదు. క్యాబిన్ మీద వాడని క్యారియర్ ఉంటే విప్పించేయండి. టైర్లలో గాలి సంగతి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇక అధికారులకు నా విన్నపం. పలక పెట్టమంటే ఓనర్లు వెనకాడటానికి పెద్ద కారణం ఖర్చు కాదు, భయం. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చారని ఫిట్‌నెస్ దగ్గర ఆపేస్తారేమో, దారిలో ఫైన్ రాస్తారేమో అని. బండి వెడల్పు దాటకుండా, సరుకుకు అనుమతి ఉన్న ఎత్తు దాటకుండా, మడిచి పెట్టుకునే గాలి పలకను అభ్యంతరపెట్టబోమని, దానికి ఫలానా కొలతలు, ఫలానా బిగింపు ఉండాలని రవాణా శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే ఆ భయం పోతుంది. సరిగా బిగించని పలక హైవే మీద ఊడిపడితే వెనక వచ్చే బైకు మనిషి ప్రాణం పోతుంది కనుక, బిగింపు గురించి నిబంధన గట్టిగానే ఉండాలి. మా మేస్త్రీలు దానికి కట్టుబడి ఉంటారు.

పాలిటెక్నిక్‌లలో ఆటోమొబైల్ చదివే పిల్లలు దీన్ని ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. విండ్ టన్నెల్ అక్కర్లేదు. ట్రాఫిక్ లేని చదును రోడ్డు, ఒక పికప్, ఒక స్టాప్ వాచ్ చాలు. లోడు బండిని 70 దాకా తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలి, 40కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. రెండు వైపులా చేసి సగటు తీయాలి, అప్పుడు గాలి, వాలు తెచ్చే తేడాలు చాలావరకు కొట్టుకుపోతాయి. పలక పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. ఎక్కువ సెకన్లు దొర్లిందే మంచి రూపం. ఈ పరీక్షకు కావాల్సిన పలకలు, మూడు నాలుగు వాలుల్లో, నా షెడ్డులో ఉచితంగా చేసిస్తాను. ఏ కాలేజీ వాళ్లు అడిగినా సరే.

ఈ ఉత్తరంతో పాటు వాలు పలక కొలతల బొమ్మ ఒకటి గీసి జతచేశాను. బందులు ఎక్కడ రావాలో, పిన్ను ఎటు పెట్టాలో అందులో ఉంది. మీకు చోటు ఉంటే ఉత్తరం కొంత కత్తిరించైనా ఆ బొమ్మ వేయండి. విజయవాడ దాకా రాలేని బళ్లవాళ్లు తమ ఊరి వెల్డింగ్ షాపులో చూపించి చేయించుకుంటారు.

ఇట్లు,
ఒక బాడీ బిల్డింగ్ మేస్త్రీ,
ఆటోనగర్, విజయవాడ